ఇంగ్లండులో కౌన్సిల్ ద్వారా పెళ్లి రిజిస్టర్ చేయించుకునే మనవారికి హెచ్చరిక: "బుకింగ్ ఖరారైంది" అన్న ఉత్తరాన్ని నమ్ముకుని ఊరుకోకండి

ఈ ఏడాదిలో గాని వచ్చే ఏడాదిలో గాని ఇంగ్లండులో పిల్లల పెళ్లి పెట్టుకున్న తల్లిదండ్రులు, తమ పెళ్లి ఏర్పాట్లు తామే చూసుకుంటున్న యువతీయువకులు దీన్ని పూర్తిగా చదవాలని మనవి. మా అమ్మాయి పెళ్లి రిజిస్ట్రేషను కోసం మేముండే ఊరి కౌన్సిల్‌లో (స్థానిక పాలక సంస్థలో) ఐదు నెలల ముందే తేదీ తీసుకున్నాము. రుసుము మొత్తం కట్టాము. బుకింగ్ ఖరారైందన్న ఈమెయిలు కూడా అందింది. అయినా ఆ రోజున రిజిస్ట్రేషను జరగలేదు. అబ్బాయి తల్లిదండ్రులు కరీంనగర్ నుంచి ఇంత దూరం వచ్చి, కొడుకు సంతకం పెట్టడం చూడకుండానే తిరిగి వెళ్లవలసి వచ్చింది. కౌన్సిల్ పేరు ఇక్కడ రాయడం లేదు. తేదీలు, గదులు ఇచ్చే బుకింగ్ విభాగం ఒకటి, చట్టప్రకారం పెళ్లి జరిపించే రిజిస్ట్రార్ల విభాగం మరొకటిగా ఉండి, ఒకరి పని ఇంకొకరికి తెలియని చోట ఎవరికైనా ఇదే జరగవచ్చు.

ఏడడుగులు నడిచి మంగళసూత్రం కట్టాక ఇంకా రిజిస్ట్రేషను ఎందుకని మనవారిలో చాలామంది అడుగుతారు. ఇంగ్లండు, వేల్సులలో పెళ్లి చట్టం 1949 నాటిది. అది ప్రధానంగా పెళ్లి జరిగే చోటును చూస్తుంది. రిజిస్టర్ ఆఫీసులోనో, కౌన్సిల్ అనుమతి పొందిన వేదికలోనో, పెళ్లిళ్ల కోసం నమోదైన ప్రార్థనా మందిరంలోనో జరిగితేనే సాధారణంగా చట్టబద్ధమవుతుంది. యూదులకు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారికి మాత్రం ఈ భవనం నియమం నుంచి ఎప్పటినుంచో మినహాయింపు ఉంది, మనకు లేదు. కొన్ని హిందూ ఆలయాలు ఇలా నమోదయ్యాయి గాని, అక్కడైనా ముందస్తు నోటీసు తప్పదు. హోటల్ హాల్లో మండపం వేసి పురోహితులతో ఎంత శాస్త్రోక్తంగా జరిపించినా, అది ఒక్కటే అయితే చట్టం దృష్టిలో పెళ్లి కానట్టే. 2020లో అప్పీలు కోర్టు ఒక నిఖా విషయంలో ఇదే తేల్చింది. చోటును కాక పెళ్లి జరిపించే వ్యక్తిని ఆధారంగా తీసుకునేలా చట్టాన్ని మార్చాలని 2022లో లా కమిషన్ సిఫార్సు చేసింది. ఆ మార్పు వచ్చేదాకా మండపంలో ఒక పెళ్లి, కౌన్సిల్‌లో ఒక పెళ్లి అన్నదే మన కుటుంబాలకు మిగిలిన దారి.

కౌన్సిల్ పెళ్లిలో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది తేదీ, గది, రిజిస్ట్రార్లను బుక్ చేసుకోవడం. రెండోది నోటీసు ఇవ్వడం. వధూవరులిద్దరూ తాము కనీసం ఏడు రోజులుగా నివసిస్తున్న ప్రాంతపు రిజిస్టర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఫలానావారిని ఫలానా చోట పెళ్లి చేసుకోబోతున్నామని నమోదు చేయించాలి. ఆ తరువాత 28 రోజులు పూర్తిగా గడవాలి. ఇద్దరిలో ఒకరు వర్క్ వీసా మీద ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లాలి. నోటీసు వీసాల వ్యవహారం చూసే హోం ఆఫీసుకు కూడా వెళ్తుంది, వారు తలుచుకుంటే ఆ 28 రోజులను 70 దాకా పొడిగించవచ్చు. నోటీసు ఏడాదిపాటు చెల్లుతుంది. అయితే అది అందులో రాసిన చోటుకు మాత్రమే చెల్లుతుంది. పెళ్లికి బదులుగా జంటలు చట్టప్రకారం నమోదు చేయించుకునే సివిల్ పార్ట్‌నర్‌షిప్‌కు కూడా నోటీసు, గడువు, చోటు నియమాలు ఇవే. మేము దెబ్బతిన్నది ఈ చోటు నియమం దగ్గరే.

మార్చిలో టౌన్ హాల్లోని పెద్ద గదిని ఆగస్టు నెల ఒక శనివారానికి తీసుకున్నాము. మరుసటి రోజు ఆదివారం, శ్రావణ మాసపు ముహూర్తానికి హోటల్లో పెళ్లి. ఏప్రిల్‌లో పిల్లలిద్దరూ నోటీసు ఇవ్వడానికి వెళ్తే తోడుగా నేనూ వెళ్లాను. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, అవతలివారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం అడిగారు. అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఇంటిపేరు, సొంత పేరు, చివరి పేరు మూడూ కలిపి ఒకే గడిలో అచ్చయ్యాయి. అతని బ్యాంకు స్టేట్‌మెంటులో మాత్రం ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని అధికారిణి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోతుంటే నాకు చెమటలు పట్టాయి. చివరకు పాస్‌పోర్టులో ఉన్నదే యథాతథంగా రాశారు. నోటీసుకు ఒక్కొక్కరి దగ్గర తీసుకునే రుసుము కట్టి, టౌన్ హాల్ పేరు సరిగా ఉందో లేదో చూసుకుని బయటకు వచ్చాము. ఇక అన్నీ అయిపోయాయనుకున్నాము.

జూలై రెండో వారంలో బుకింగ్ విభాగం నుంచి ఈమెయిలు వచ్చింది. టౌన్ హాల్ పైకప్పు మరమ్మతుల వల్ల ఆ భవనాన్ని కొన్ని వారాలు మూసేస్తున్నామని, మా బుకింగును అదే తేదీకి, అదే సమయానికి తమ మరో భవనంలోకి మార్చామని, అదనంగా ఏమీ కట్టనక్కరలేదని అందులో ఉంది. అడుగున లావుపాటి అక్షరాలతో "మీ బుకింగ్ ఖరారైంది" అని మళ్లీ రాశారు. నోటీసు ఊసే లేదు. నాకు అనుమానం వచ్చి ఆ ఈమెయిలుకే జవాబుగా, ఇచ్చిన నోటీసు ఈ కొత్త భవనానికి సరిపోతుందా అని అడిగాను. మూడు రోజుల తరువాత, అన్ని వివరాలూ కొత్త చోటుకు బదిలీ అయ్యాయని, మేము చేయవలసింది ఏమీ లేదని బదులొచ్చింది. నేను అడిగింది నోటీసు గురించి, వారు చెప్పింది బుకింగ్ గురించి అని అప్పుడు గ్రహించలేకపోయాను. ఆ రోజే రిజిస్ట్రార్ల ఆఫీసుకు నేరుగా ఫోను చేసి ఉంటే, కొత్త నోటీసు ఇచ్చి 28 రోజులు గడపడానికి సరిగ్గా సరిపడా వ్యవధి ఉండేది. ఆ అవకాశం ఆ జవాబుతోనే పోయింది.

పెళ్లి వారం సోమవారం ఉదయం, ఇంటినిండా చుట్టాలుండగా, రిజిస్ట్రార్ల ఆఫీసు నుంచి ఒక అధికారి ఫోను చేశారు. రాబోయే శనివారపు పెళ్లికి కాగితాలు సిద్ధం చేస్తూ చూస్తే నోటీసులో ఒక భవనం, బుకింగులో మరో భవనం ఉన్నాయని, ఈ పరిస్థితిలో పెళ్లి జరిపించలేమని చెప్పారు. నోటీసులో లేని చోట తెలిసి తెలిసి పెళ్లి చేసుకుంటే 1949 చట్టం ప్రకారం ఆ పెళ్లే చెల్లదట. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన గమనించకుండా కానిచ్చేసి ఉంటే, రేపు అబ్బాయి వీసా దగ్గరో ఆస్తి దగ్గరో ఈ పెళ్లి నిలవదని ఎవరో ఒకరు అంటే పిల్లలు ఏం చేసేవారు? గడువు తగ్గించే మార్గం ఏమైనా ఉందా అని ఆయన్ను బతిమాలాను. చాలా అసాధారణమైన కారణాలకే అలాంటి వెసులుబాటు ఇస్తారని, తల్లిదండ్రుల తిరుగు ప్రయాణం దానికి సరిపోదని ఓపికగా వివరించారు.

ఆదివారం పెళ్లి ఏ లోటూ లేకుండా జరిగింది. కానీ శనివారమంతా, తల్లిదండ్రుల ఎదుట సంతకం పెట్టవలసిన సమయానికి, పిల్లలిద్దరూ ఇంట్లోనే కూర్చున్నారు. మా వియ్యంకుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. విదేశ ప్రయాణానికి అనుమతి, సెలవు తెచ్చుకోవడానికే ఆయనకు రెండు నెలలు పట్టింది. కొత్త నోటీసుకు అపాయింట్‌మెంటు పది రోజుల తరువాతగాని దొరకలేదు, ఆపైన మళ్లీ 28 రోజులు. అప్పటికి వాళ్లు వెళ్లిపోయారు. సెప్టెంబరు చివరలో ఒక మంగళవారం ఉదయం, రిజిస్టర్ ఆఫీసులోని చిన్న గదిలో, ఇద్దరు స్నేహితులు సాక్షులుగా రిజిస్ట్రేషను ముగిసింది. మా వియ్యపురాలు ఆ రోజు కోసమని తెచ్చిన పట్టుచీర మా అమ్మాయి కట్టుకుంది. బయటకు రాగానే వీడియో కాల్‌లో అత్తగారికి ఆ చీర కుచ్చిళ్లు చూపించింది. ఆవిడ ఏమీ అనలేక ఫోను మా వియ్యంకుడి చేతికిచ్చారు.

ఆ చిన్న గది గురించి ఒక మాట చెప్పాలి. రిజిస్టర్ ఆఫీసులో వధూవరులు, ఇద్దరు సాక్షులతో జరిగే సాదా పెళ్లికి రుసుమును ప్రభుత్వమే నిర్ణయించింది. మేము కట్టినప్పుడు అది 56 పౌండ్లు. అలంకరించిన గదులకు, శని ఆదివారాలకు, హోటళ్లకు రిజిస్ట్రార్లు రావడానికి మాత్రం కౌన్సిల్ తనకు తోచిన ధర పెట్టుకుంటుంది, అది వందల పౌండ్లలో ఉంటుంది. మేము మార్చిలో బుక్ చేసుకున్నప్పుడు ఈ సాదా పెళ్లి ఉందని ఎవరూ చెప్పలేదు. వారంలో ఒకటి రెండు పూటలు మాత్రమే ఇస్తారు కాబట్టి, కావలసినవారు పేరు పెట్టి అడగాలి.

పెద్ద గది రుసుము రెండు ఉత్తరాలు రాసిన తరువాత వెనక్కి వచ్చింది. రెండోసారి కట్టిన నోటీసు రుసుము రాలేదు; అది చట్టప్రకారం వసూలు చేసేదని, తిరిగి ఇవ్వడం కుదరదని జవాబిచ్చారు. నేను ఒప్పుకోలేదు. తప్పు వారిది, పైగా నేను రాతపూర్వకంగా అడిగాను, వారు రాతపూర్వకంగానే ఏమీ అక్కరలేదన్నారు. కౌన్సిల్ ఫిర్యాదు పద్ధతిలోని అన్ని మెట్లూ పూర్తయ్యాక కౌన్సిళ్ల మీద ఫిర్యాదులను విచారించే స్థానిక ప్రభుత్వాల అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి రుసుము లేదు. నేను ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. ఆ రెండు ఈమెయిళ్లను దాచుకోవడం వల్లనే ఈమాత్రమైనా మాట్లాడగలుగుతున్నాను. మీరు కూడా ఫోనులో విన్న ప్రతి మాటనూ ఆ రోజే ఈమెయిలుగా రాసి పంపి, సరేననిపించుకోండి.

మీ వేదిక ఏ కారణంగానైనా మారిందని తెలిస్తే, అది కౌన్సిల్ మార్చినా, హోటల్ మార్చినా, మీరే మార్చుకున్నా, బుకింగ్ విభాగాన్ని అడిగి ఆగిపోకుండా నోటీసు తీసుకున్న ఆఫీసునే అడగండి. "మా నోటీసులో ఏ చోటు రాసి ఉంది, పెళ్లి ఏ చోట జరగబోతోంది, రెండూ ఒకటేనా" అన్న ప్రశ్నకు జవాబు రాతలో తీసుకోండి. హోటల్లో పెట్టుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: నోటీసు మీరుండే చోట ఇస్తారు, రిజిస్ట్రార్లను మాత్రం హోటల్ ఏ కౌన్సిల్ పరిధిలో ఉంటే ఆ కౌన్సిల్ నుంచి పిలిపించుకోవాలి. హోటల్‌కు డబ్బు కట్టే ముందే ఆ తేదీకి రిజిస్ట్రార్లు దొరుకుతారో లేదో కనుక్కోండి. కౌన్సిల్ పెళ్లిలో మతసంబంధమైనవి ఉండకూడదు. మేము అడిగిన అన్నమయ్య కీర్తనను ఈ కారణంగానే కాదన్నారు. పురోహితుల కార్యక్రమాన్ని దానితో కలపకుండా వేరే సమయానికి పెట్టుకోవాలి.

ఇండియా నుంచి వచ్చేవారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మామూలు విజిటర్ వీసా మీద వచ్చినవారు ఇక్కడ పెళ్లి చేసుకోవడానికి గాని, నోటీసు ఇవ్వడానికి గాని వీల్లేదు. దానికి మ్యారేజ్ విజిటర్ వీసాయో, పెళ్లి తరువాత ఇక్కడే ఉండదలచినవారికి ఫియాన్సే వీసాయో ఉండాలి. ఆ రెండూ ఆరు నెలలవే. అందులో ఏడు రోజుల నివాసం, అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూపు, 28 రోజులు లేదా 70 రోజులు పోతే మిగిలేది ఎంతో లెక్కవేసుకోండి. మాకు జరిగినట్టు మధ్యలో నోటీసు చెడితే, మాకు పోయింది ఒక వేడుక, వారికి పోయేది వీసా గడువే. ఇదంతా ఇంగ్లండు, వేల్సులకు వర్తించేది. స్కాట్లండులో పద్ధతి వేరు, అక్కడి రిజిస్ట్రార్‌నే అడగాలి.

మా ఫిర్యాదుకు ఇచ్చిన చివరి జవాబులో, ఇకమీదట వేదిక మారినప్పుడు పంపే ఉత్తరాలన్నింటిలోనూ కొత్త నోటీసు ఇవ్వాలన్న వాక్యం చేరుస్తామని కౌన్సిల్ మాట ఇచ్చింది. గత వారం, అదే టౌన్ హాల్ మరమ్మతుల వల్ల, మా స్నేహితుల అబ్బాయికి కూడా వేదిక మార్చినట్టు ఉత్తరం వచ్చింది. తీసుకువచ్చి నాకు చూపించారు. రెండుసార్లు చదివాను, ఆ వాక్యం అందులో లేదు. అతని పెళ్లికి ఇంకా తొమ్మిది వారాలుంది. నోటీసు అపాయింట్‌మెంటు ఆ సాయంత్రమే తీసుకున్నాడు.