ఓడెక్కి పోయినవాళ్ళ ఆచూకీకి ఏది మేలు: డిఎన్ఏ పరీక్షా, ఓడ జాబితానా?

మా ముత్తాత తమ్ముడు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో దిగినట్టు కాగితం దొరికిందని తెలిసినప్పటి నుంచి కందుకూరు, కనిగిరి వైపు చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. "మా ఇంట్లోనూ ఒకాయన మద్రాసు పోయి ఓడెక్కాడంట, మళ్ళీ రాలేదు, డిఎన్ఏ పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?" నేను రెండు దారుల్లోనూ వెతికాను, అందుకే రాస్తున్నాను.

డిఎన్ఏతోనే మొదలుపెట్టాను. డబ్బు కట్టి, ఉమ్మి పంపితే, దూరపు బంధువులంటూ పెద్ద జాబితా వచ్చింది. అందులో ఒక్కరి ఊరూ తెలియదు. అక్కడి మనవళ్ళు కూడా పరీక్ష చేయించుకుని ఉంటేనే మనకు కనబడతారు, అది ఒక ఇబ్బంది. రెండోది మన మేనరికాలు. తరతరాలుగా మేనమామ కూతురినో, అక్క కూతురినో చేసుకున్న ఇళ్ళలో రక్తం అటూ ఇటూ కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆరేడు తరాల అవతలి వాళ్ళు కూడా దగ్గరివాళ్ళలా కనిపిస్తారు. మనిషి దొరికాక రూఢి చేసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఓడ జాబితా అలా కాదు. ఒప్పందం మీద కూలికి ఓడెక్కినవాళ్ళ వివరాలు రాసిపెట్టిన పట్టీ అది. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది నాటాల్ వెళ్ళారు, మూడింట రెండొంతులు మద్రాసు నుంచే. మధ్యలో ఆగిన వలస 1874లో మళ్ళీ మొదలైంది, వెంటనే ధాత కరువు (1876-78) వచ్చింది. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు రాసుకున్నారు. అవతల వాళ్ళ పెళ్ళి కాగితాల్లోనూ ఆ నంబరే కనిపిస్తుంది.

కానీ ఇంటిపేరు ఉండదు. మన వైపు మనిషిని పట్టిచ్చేదే ఇంటిపేరు, అక్కడ అదే లేదు. రెడ్డి, నాయుడు అన్న కులం మాటో, తండ్రి పేరో తర్వాత ఇంటిపేరుగా నిలిచిపోయింది. అందుకే నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం తండ్రి పేరు, ఊరు. ఈ రెండూ తెలియకుండా జాబితా తెరిస్తే వెంకటస్వాములు, సుబ్బయ్యలు వందల మంది. జిల్లా విషయంలో కూడా జాగ్రత్త. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉండేది. కందుకూరు, కనిగిరి 1970లో ప్రకాశంలో చేరాయి, కందుకూరును 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. కాబట్టి 1904కి ముందు వెళ్ళిన ఒంగోలు మనిషిని వెతకాల్సింది నెల్లూరు జిల్లా కింద. నేను ప్రకాశం అనుకుంటూ నెలల తరబడి తప్పుచోట చూశాను.

మా ఊరి పేరుతో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరు తేలారు, వయసులూ దగ్గరే. మా అవ్వ తన మామ నోట విన్నది చెబుతుండేది, చిన్నాయనకు, అంటే ఆ ఓడెక్కిన ముత్తాత తమ్ముడికి, కుడి కనుబొమ్మ మీద కొడవలి గాటు ఉండేదని. ఆ ఇద్దరిలో ఒకరి ఎదురుగా కుడి కనుబొమ్మ మీద మచ్చ అని రాసి ఉంది. ఆ వరస చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. అవ్వ చెప్పకపోయి ఉంటే ఆ మచ్చ నాకు ఒట్టి అక్షరాలే. అందుకే నా మాట జాబితాకే, కానీ దాన్ని తెరిచేముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. పాత భాగపంపకాల దస్తావేజులో అన్నదమ్ముల పేర్లుంటే అదీ చూడండి.

ఫిజీకి మద్రాసు నుంచి 1903లోనే మొదలై వెళ్ళారు, వాళ్ళ వివరాలు రాసిన ప్రయాణ పాసులు అక్కడి రాజధాని సువాలో ఉన్నాయి. మారిషస్ వాళ్ళవి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరికి ఫోటోలు కూడా.

బర్మా పోయినవాళ్ళ సంగతి వేరు. 1937 దాకా అది ఇండియాలో భాగమే కాబట్టి అలాంటి పాసులు లేవు, టికెట్ కొనుక్కుని ఓడెక్కేశారు. అక్కడికి పోయినవాళ్ళకైతే ఇంట్లో ట్రంకు పెట్టెలో మిగిలిన ఉత్తరాలు, మనియార్డర్ రసీదులే దారి.