డిసెంబరు పరుగు సెలవు: ఊటీనా, ఉరవకొండా?

ముంబై మారథాన్ మామూలుగా జనవరి మూడో ఆదివారం ఉంటుంది. అంతకుముందు డిసెంబరులో ఒక వారం సెలవు పెట్టి పరుగుకే కేటాయించాలనుకునే అనంతపురం మిత్రులు అడిగేది ఒకటే: ఊటీకి పోదామా, ఇక్కడే మన జిల్లాలోని ఉరవకొండ వైపు ఉందామా?

ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తు. గాలి పలచన, ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటుపడి ఎర్రరక్తకణాలు బాగా పెరగాలంటే మూడు నాలుగు వారాలు కావాలి. వారం రోజులకు మనకు మిగిలేది ఆయాసమే. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులూ ఉంటాయి. ఎత్తుపల్లాల రోడ్లు మాత్రం తొడలకు చాలా మంచివి.

ఇక ఉరవకొండ వైపు. యూరప్ వాళ్లు చలికాలంలో ఎండ కోసం స్పెయిన్‌కు చెందిన లాంజరోటె దీవి దాకా విమానమెక్కి వెళ్లి ప్రాక్టీసు చేస్తారు. మనకు ఆ ఎండ గడప దాటితే చాలు. నల్లరేగడిలో శనగచేల గట్టు వెంబడి పొద్దున్నే పరుగెత్తి చూడండి. ఆకుల మీది మంచుకు బూట్లు తడుస్తాయి. శనగాకు పులుపు తగిలి గీరుకున్న చోట చురుక్కుమంటుంది. పది దాటితే ఎండ ముదురుతుంది, కాబట్టి లాంగ్ రన్ (ఎక్కువ దూరం తీసే పరుగు) ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. వెంటనే ఉప్పు వేసిన మజ్జిగ, కాసేపాగి ఉగ్గాణి. బజ్జి ఒక్కటి చాలు.

ముంబైలో పొద్దెక్కేకొద్దీ ఉక్క. ఎండకు అలవాటైన ఒళ్లే అక్కడ నిలబడుతుంది. నెల రోజుల సెలవు దొరికేవాళ్లు ఊటీకి వెళ్లండి. వారమే ఉంటే ఉరవకొండ రోడ్డే నయం.