నాయన మంచం పక్కన ఎనిమిది నెలలు: కర్నూలులో హోమ్ నర్సింగ్ సర్వీసు, దానికి పైసా ఇవ్వని ఇన్సూరెన్స్

మా నాయనకు 77 ఏళ్ళు. 2025 ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. ఆసుపత్రిలో 13 రోజులు ఉన్నాక డాక్టరు గారు "ఇంక ఇక్కడ చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకుపోయి జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. ముక్కులో పైపు, మూత్రానికి పైపు, డైపరు, తనంతట తాను పక్కకు కూడా ఒత్తిగిలలేని 70 కిలోల మనిషి. అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, నేను స్కూలుకు పోవాలి, తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. అంబులెన్సులో నాయనను సి క్యాంపులోని ఇంటికి తెచ్చిన సాయంత్రమే ఒక హోమ్ నర్సింగ్ సర్వీసుకు ఫోన్ చేశాం. అప్పటి నుంచి ఈ ఎనిమిది నెలలూ వాళ్ళ మనుషులే వస్తున్నారు. సర్వీసు పేరు రాయడం లేదు, ఎందుకంటే మన ఊళ్ళో ఎవరిని పెట్టుకున్నా చూసుకోవాల్సినవి ఇవే.

రేట్లు ముందు చెప్తాను. రాత్రింబవళ్ళు ఇంట్లోనే ఉండే మనిషికి నెలకు 24 వేలు, తిండీ పడకా మనవే. రిజిస్ట్రేషన్ 3 వేలు, అది తిరిగి రాదు. నర్సు వచ్చి పుండుకు కట్టు కడితే ఒకసారికి 500, ఫిజియోథెరపీకి కూడా అంతే. డైపర్లు, గ్లవ్స్, పైపులు, మందులు వేరే.

ఫోన్లో "నర్సును పంపిస్తాం మేడం" అన్నారు. వచ్చింది 20 ఏళ్ళ అబ్బాయి. మర్యాదగా ఉన్నాడు, కానీ ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. లాంటి నర్సింగ్ చదువేమీ లేదు, అంతకు ముందు ఒక ఆసుపత్రిలో కొన్ని నెలలు వార్డు బాయ్‌గా చేశాడంతే. అటెండరును పంపడం తప్పని నేను అనను, ఒళ్ళు తుడవడానికి, డైపరు మార్చడానికి, మందులు గుర్తుపెట్టుకుని ఇవ్వడానికి మంచి అటెండరు చాలు. కానీ ముక్కు పైపు వేయడం, మూత్రం పైపు మార్చడం, ఇంజెక్షన్ ఇవ్వడం నర్సు పని. నర్సు అని చెప్పి డబ్బు తీసుకుంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మేము ఆ తొందరలో అడగలేదు.

మూడో వారంలో ఒళ్ళు తుడుస్తున్నప్పుడు అమ్మ చూసింది. నడుము కింద, వెన్నెముక చివర రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి మారుస్తూ ఉండాలి, పగలే కాదు రాత్రి కూడా. ఆ అబ్బాయి రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి తెల్లవారేదాకా పడుకునేవాడు, నాయన ఒకే వైపు ఉండిపోయేవాడు. నొప్పిగా ఉందని చెప్పడానికి ఆయనకు మాట లేదు. సర్వీసు ఆఫీసుకు ఫోన్ చేస్తే "పెద్ద వయసు వాళ్ళకు వస్తుంటాయి మేడం" అన్నారు. పెద్ద వయసు వల్ల రాదండీ, తిప్పకపోతే వస్తుంది. ఒక్క రాత్రిలో మొదలైనది మానడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ అబ్బాయిని మార్చి ఇంకొకరిని పంపారు. అతను ఉగాదికి ఊరికిపోయి రెండు రోజుల్లో వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. "వెంటనే వేరే మనిషిని ఇస్తాం" అని ఒప్పందంలో రాసి ఉంది, ఆ వెంటనే అనేది నాలుగు రాత్రులైంది. ఆ నాలుగు రాత్రులూ నేనూ అమ్మా అలారం పెట్టుకుని, దుప్పటి చెరో వైపు పట్టుకుని నాయనను తిప్పాం.

ఇంత జరిగాక కూడా సర్వీసు ఎందుకు మార్చలేదంటే, వాళ్ళ సూపర్‌వైజర్ నర్సమ్మ వల్ల. పుండు సంగతి ఆమె దాకా పోయిన రోజే ఇంటికొచ్చింది, ఎవరి తప్పో వాదించకుండా నేరుగా పుండు కడిగి కట్టు కట్టింది. గోడకు ఒక చార్టు అంటించి ఏ గంటకు ఏ వైపు తిప్పారు, పైపులో ఎంత పోశారు, మూత్రం ఎన్ని మి.లీ. వచ్చింది, బీపీ ఎంత, అన్నీ రాయాలని చెప్పింది. పైపులో రాగిజావ పోసేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలని, పోశాక కూడా అరగంట అలాగే ఉంచాలని, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందని అమ్మకు చేసి చూపించింది. అప్పటిదాకా ఈ మాట మాకెవరూ చెప్పలేదు. వారానికోసారి వచ్చి ఆ చార్టు చూసి, ఖాళీ ఉంటే ఎందుకు ఖాళీ అని నిలదీస్తుంది.

ఏప్రిల్ నుంచి మా ఇంట్లో ఉంటున్న అటెండరును అన్న అని పిలుస్తాం, ఆయనది ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. నలభై దాటిన మనిషి. నాయన మీద చెయ్యి వేసే ముందు "పెద్దాయనా, ఇటు తిరుగుదామా" అని అడిగి, ఆయన కళ్ళలోకి చూసి, అప్పుడు తిప్పుతాడు. ఒక రాత్రి మూడు గంటలకు నాకు మెలకువ వచ్చి చూస్తే ఫోన్ టార్చి వెలుతురులో చార్టు రాస్తున్నాడు. ఆ రోజు నుంచి నేను నిద్రపోతున్నాను. ఇంకో సంగతి, మా ఎండల్లో ఇది అందరికీ పనికొస్తుంది: పుండ్లు రాకుండా వేసే ఎయిర్ బెడ్‌కు పంపు ఉంటుంది, కరెంటు పోతే గాలి దిగి మనిషి గట్టి మంచం మీద పడినట్టే. మే నెలలో రెండుసార్లు అలా అయ్యాక ఫ్యాను కన్నా ముందు ఆ పంపునే ఇన్వర్టరుకు కలిపించాడు.

ఇక ఇన్సూరెన్స్. 65 దాటితే పాలసీ ఇవ్వరని ఏజెంటు తొందరపెడితే 2012లో నాయనకు 64 ఏళ్ళప్పుడు తీసుకున్నాం, అప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా ఆపకుండా ప్రీమియం కట్టాం. (ఆ 65 ఏళ్ళ హద్దును బీమా కంపెనీలను నియంత్రించే ఐ.ఆర్.డి.ఏ.ఐ. 2024 ఏప్రిల్‌లో తీసేసింది, ఇప్పుడు ఏ వయసు వాళ్ళయినా అడగొచ్చు.) ఆసుపత్రి బిల్లు దాదాపు అంతా క్యాష్‌లెస్‌లో పోయింది, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. కార్డు మీద "ఇంటి వద్ద చికిత్స" అని కూడా ఉంది కాబట్టి నెలకు 24 వేలూ వాళ్ళే ఇస్తారని తమ్ముడూ నేనూ గట్టిగా నమ్మాం. రెండు నెలల బిల్లులు పంపితే అటెండరు జీతం, డైపర్లు, ఎయిర్ బెడ్ అన్నీ కొట్టేసి లెటర్ వచ్చింది.

ఆ లెటర్‌లో ఎక్స్‌క్లూజన్ 05 అని ఉంది, అంటే పాలసీ కింద ఇవ్వని ఖర్చుల్లో ఒకటి. ఇది మా కంపెనీ సొంతంగా పెట్టుకున్నది కాదు, అన్ని కంపెనీల హెల్త్ పాలసీల్లో ఒకే కోడ్‌తో, ఒకే మాటలతో ఉంటుంది. స్నానం చేయించడం, బట్టలు వేయడం, అటూ ఇటూ కదిలించడం లాంటి పనులకు ఇంట్లో పెట్టుకున్న మనిషి ఖర్చు ఇవ్వరు, ఆ మనిషి శిక్షణ పొందిన నర్సయినా సరే. కార్డు మీదున్న ఇంటి చికిత్స అంటే ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉండి, కదిలించలేని స్థితి వల్లనో బెడ్ దొరకకనో డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లో వైద్యం జరగడం. మా నాయనకు కావలసింది సరిగ్గా ఆ స్నానం, ఆ బట్టలు, ఆ కదిలించడమే. ఆయన పుండు మానింది దానివల్లే, మళ్ళీ ఆసుపత్రికి పోకుండా ఉన్నది దానివల్లే, ఇన్సూరెన్స్ లెక్కలో మాత్రం అది వైద్యం కాదు. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి ఈ పనికే ప్రత్యేకంగా బీమా ఉంది, జపాన్‌లో 40 ఏళ్ళు దాటినవాళ్ళందరూ కడతారు. మన దగ్గర అలాంటిది ఎప్పుడొస్తుందో అని ప్రతి నెలా జీతం ఇచ్చేటప్పుడు అనిపిస్తుంది.

అలాగని అంతా వదిలేసుకోకండి. మా పాలసీలో డిశ్చార్జి అయ్యాక 60 రోజుల మందులు, రక్త పరీక్షలు, డాక్టరు ఫీజులు ఇచ్చారు. ఫిజియోథెరపీని మొదట కొట్టేశారు, డిశ్చార్జి సమ్మరీలో ఆ మాట లేదని. మళ్ళీ డాక్టరు గారి దగ్గరికి పోయి రోజూ ఫిజియోథెరపీ అవసరమని రాయించుకుని పంపితే ఇచ్చారు. డిశ్చార్జి రోజే ఆ కాగితంలో ఫిజియోథెరపీ, కట్టు కట్టే నర్సు, పైపు మార్పిడి అన్నీ రాయించుకోండి, ఇంటికొచ్చాక తిరగడం చాలా కష్టం. న్యాయంగా రావాల్సింది కొట్టేస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, మన జిల్లాలు వాళ్ళ కిందికే వస్తాయి, ఫీజు లేదు.

70 నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉంది, 2024 అక్టోబరులో మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. అదీ ఆసుపత్రి వైద్యానికే, ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి కాదు. ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, మేము ఆ మిగిలేదాన్ని డైపర్ల లెక్కలో రాసుకున్నాం.

సర్వీసుకు స్టార్లు ఇవ్వమంటే మార్చి నెలకు ఒకటి, ఏప్రిల్ నుంచి నాలుగు. జూన్‌లో ముక్కు పైపు తీసేశారు. ఇప్పుడు అమ్మ కొర్రన్నం మెత్తగా పిసికి పెడితే తింటున్నాడు, సాయంత్రం ఆ అన్న పట్టుకుంటే వరండాలో కుర్చీలో అరగంట కూర్చుంటున్నాడు. మాట ఇంకా సరిగా రాలేదు, కానీ అన్నను పిలవడానికి "ఏయ్" అంటాడు. ఈ నెల ఒకటో తారీఖున సర్వీసుతో ఒప్పందం మళ్ళీ రాసుకున్నాం. మనిషి సెలవు పెడితే 24 గంటల్లో ఇంకొకరిని పంపాలని, పంపకపోతే ఆ రోజుల డబ్బు తగ్గించాలని, నర్సమ్మ వారానికోసారి రావాలని రాయించి, వాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇచ్చాను.