ఆకుకూరలకు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, ఏ-బీ పోషక ద్రావణం: చాలాకాలం వాడాక

మట్టి లేకుండా లెట్యూస్, స్పినాచ్, తోటకూర ఎన్నో విడతలు పెంచాక ఈ సెట్టు గురించి గట్టిగా చెప్పగలిగేది ఒకటే. వెలుతురు చాలనప్పుడు ఎంత ఎరువు పోసినా ఆకు పెరగదు.

లైట్లలో ఊదా రంగు వాటికంటే తెల్లవే నయం. ఊదా వెలుగులో ఆకు పసుపెక్కినా కంటికి ఆనదు. లెట్యూస్‌కు ఆకుల ఎత్తులో కొలిస్తే సుమారు 15,000 లక్స్ ఉండాలి, అదీ రోజుకు 16 గంటలు. ట్రే మూలల్లో వెలుతురు తక్కువ పడుతుంది కనుక కుండీల చోటు మారుస్తూ ఉండాలి. నారు సన్నగా సాగుతోందంటే లైటు కిందికి దించాలి. స్పినాచ్‌కు 12 గంటలు చాలు, 14 దాటితే పూతకాడ వేసేస్తుంది. తోటకూరకు మాత్రం ఈ ట్యూబుల వెలుతురు ఎప్పుడూ కొరతే. దానికి ఎండే కావాలి, ఈ సెట్టు కొనమని చెప్పను.

పోషక ద్రావణం రెండు సీసాలు: ‘ఏ’ సీసాలో కాల్షియం నైట్రేట్, ‘బీ’ సీసాలో ఫాస్ఫేట్లు, సల్ఫేట్లు ఉంటాయి. చిక్కటి మందులు రెండూ నేరుగా కలిస్తే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, అది మళ్లీ కరగదు. ముందు నీళ్లు, అందులో ‘ఏ’, బాగా కలియబెట్టాక ‘బీ’, చివర్లో పీహెచ్ 5.8-6.2కి సరిచేయడం. ఈసీ (నీటిలో కరిగిన లవణాల మోతాదును చూపే కొలత, mS/cmలో) నారుకు 0.6-0.8, పెరిగిన లెట్యూస్‌కు 1.2-1.6. స్పినాచ్‌కు 2 దాకా వెళ్లొచ్చు.

తొట్టిలో నీరు తగ్గుతూ ఈసీ పెరుగుతోందంటే మొక్క ఉప్పులకంటే నీటినే ఎక్కువ తాగుతోంది. అప్పుడు ఉత్త నీళ్లే పోయాలి. లైటు పెంచినప్పుడూ గది వేడెక్కినప్పుడూ జరిగేది ఇదే. ఈసీ పడిపోతుంటేనే ద్రావణం కలపాలి. మీటరు మొత్తం లవణాలనే కొలుస్తుంది, ఏది తరిగిందో చెప్పదు. అందుకే రెండు వారాలకోసారి తొట్టి ఖాళీ చేసి కొత్తది నింపడం మంచిది.

అందరినీ విసిగించేది లెట్యూస్ లోపలి ఆకుల అంచులు మాడడం. కాల్షియం లోపమే కానీ తొట్టిలో కాల్షియం పెంచితే చాలాసార్లు ఫలితం ఉండదు. కాల్షియం నీటి వెంటే ఆకుకు చేరుతుంది. ముడుచుకున్న లేత ఆకులకు గాలి తగలక నీరు ఆవిరవదు, కాబట్టి అక్కడికి కాల్షియమూ రాదు. లైటు పెంచి పెరుగుదలను తొందరపెడితే మాడు ఇంకా ఎక్కువవుతుంది. చిన్న ఫ్యాను గాలి పైనుంచి మొక్క నడిమికి తగిలేలా పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే లైటు రెండు గంటలు తగ్గించండి.

ముదురాకులు పసుపెక్కితే నత్రజని చాలడం లేదు. చిగురులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే ఇనుము అందడం లేదు. అప్పుడు ఇనుము పోసేముందు పీహెచ్ చూడండి, సాధారణంగా 6.5 దాటి ఉంటుంది.

మసక వెలుతురులో నత్రజని ఎక్కువిస్తే ఆకులో నైట్రేట్ పేరుకుంటుంది, దాన్ని వాడుకోవడానికి మొక్కకు వెలుతురు కావాలి. కోత లైటు వేసిన వెంటనే కాకుండా కొన్ని గంటలు వెలిగాక పెట్టుకోండి.