పెనాంగ్‌లో తైపూసం, లాడ్జిలో తప్పు లెక్క

మలేసియా వెళ్లేవారు ఒక లెక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. విదేశీ యాత్రికులకు అక్కడి పర్యాటక పన్ను గదికి, రాత్రికి 10 రింగిట్లు. మనిషికి కాదు, గదికి. ఈ సంగతి తెలియక పెనాంగ్ ద్వీపంలోని జార్జ్‌టౌన్ నగరంలో ఒక లాడ్జిలో మేము ముగ్గురం ఒకే గదిలో ఉండి, నాలుగు రాత్రులకు 120 రింగిట్లు కట్టాం. కట్టవలసింది 40. మేము వెళ్లినప్పుడు రింగిట్ విలువ 20 రూపాయలకు కాస్త తక్కువ. పోయింది పెద్ద మొత్తం కాదు. కానీ తైపూసానికి, అంటే సుబ్రహ్మణ్యస్వామి ఉత్సవానికి, వచ్చిన పెద్దావిడ ఎదుట గుమాస్తా నవ్వుతూ, వేలు చూపించి మమ్మల్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేము వెళ్లిందే మా అత్తగారి కోసం. ఆవిడది చిత్తూరు. ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి మోసే ఇంట్లో పుట్టారు. పెనాంగ్ తైపూసం చూడాలని ఎన్నాళ్లుగానో అంటున్నారు. 2025లో తైపూసం ఫిబ్రవరి 11న వచ్చింది, చైనీయుల కొత్త సంవత్సర సంబరాలు ముగిసే పదిహేనో రోజు ఆ మర్నాడే పడింది. రెండూ ఒకే ప్రయాణంలో చూడవచ్చని చెన్నై నుంచి నేరుగా వెళ్లే విమానానికి మనిషికి రానూపోనూ 21,400 రూపాయలు పెట్టి టికెట్లు కొన్నాం. వీసా అక్కర్లేదు. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపితే చాలు. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి.

గది అద్దె రాత్రికి 170 రింగిట్లు. రథం వెళ్లే దారి కనబడే కిటికీ కావాలంటే ఇంకో 40 అన్నారు. అత్తగారు కుర్చీలో కూర్చుని చూస్తారు కదా అని మావారు ఆ 40 కూడా ఒప్పుకున్నారు. తొమ్మిదో తేదీ రాత్రి చేరాం. తెర తీస్తే ఎదురుగా నాచు పట్టిన గోడ, దాని మీద తడి కారుతున్న ఏసీ గొట్టం. కిందికి వెళ్లి అడిగితే, కిటికీలోంచి మెడ బయటికి పెట్టి ఎడమకు చూడమన్నాడు గుమాస్తా. అరవై ఎనిమిదేళ్ల మనిషిని మూడో అంతస్తు కిటికీలోంచి మెడ బయట పెట్టమంటాడా! వేరే గదులు లేవు, డబ్బు వాపసు లేదు. మావారు "పోనీలే, రాత్రి పడుకోవడానికేగా" అన్నారు. ఆయనకు గొడవలంటే భయం. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు.

పదో తేదీ చీకటితోనే లేచి దాతో కెరామత్ రోడ్డుకు నడిచాం. తైపూసం ముందురోజు రెండు రథాలు బయలుదేరతాయి. క్వీన్ వీధిలోని మహామారియమ్మన్ గుడి నుంచి వేలాయుధంతో బంగారు రథం, చెట్టియార్ల కోవిల్ వీడు (గుడి ఇల్లు) నుంచి ఎడ్లు లాగే వెండి రథం. వెండి రథం 1894 నుంచీ తిరుగుతోందట. కానీ మా కళ్లు రథాల కన్నా ముందు రోడ్డు మీది కొబ్బరికాయల మీద పడ్డాయి. పీచు ఒలిచిన కాయలు గోపురాల్లా పేర్చి, పైన కర్పూరం, అగరువత్తులు వెలిగించారు. పేర్చినవాళ్లలో సగం మంది చైనీయులు. రథం దగ్గరపడగానే ఒక ముసలాయన చేతులకు తొడుగులు వేసుకుని, రెండు చేతుల్లో రెండు కాయలు ఎత్తి, కళ్లు మూసుకుని పెదవులు కదిపి, నేలకేసి కొట్టాడు. ఆ వెంటనే మిగతావాళ్లందరూ. క్షణంలో రోడ్డంతా తెల్లబడింది, పాదాలు కొబ్బరినీళ్లలో తడిశాయి. చిప్పలు తోసెయ్యడానికి యంత్రం వెనకే సిద్ధంగా ఉంది. చెప్పులు విడవకండి, పెంకులు గుచ్చుకుంటాయి. అత్తగారు మాత్రం నా మాట వినకుండా చెప్పులు విడిచి, ఆ తడిలో నిలబడి ఏడ్చారు.

దారి పొడవునా తన్నీర్ పందళ్లు. మన చలివేంద్రాలే, కాకపోతే మజ్జిగ, గులాబీ షర్బతుతో పాటు కడుపునిండా భోజనం కూడా పెడతారు. ఒక పందిట్లో అత్తగారికి కుర్చీ వేసి సాంబారన్నం, చక్కెర పొంగలి పెట్టారు. వడ్డించినది ఒక చైనీయుల కుర్రాడు, చెమటలు కక్కుతూ. ఏమైనా ఇద్దామని మావారు జేబులో చెయ్యి పెడితే ఆ కుర్రాడు ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాడు. అక్కడి తమిళ పెద్దావిడతో అత్తగారు అరవంలో కబుర్లు మొదలుపెట్టారు. ఎక్కడ దిగారు, ఎంత కట్టారు అని మాటల్లో వచ్చింది. 120 అనగానే ఆవిడ గరిటె పక్కన పెట్టి, "గదికమ్మా, గదికి!" అన్నారట. అదీ మాకు తెలిసిన విధం.

పదకొండున తెల్లవారకముందే జలపాతం దారిలోని బాలదండాయుధపాణి గుడి మెట్లు ఎక్కాం. మెట్లు 513. మోకాళ్లు సహకరించవని మేము వద్దన్నా అత్తగారు రెండు గంటల్లో ఎక్కేశారు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పక్కనే వీపుకు కొక్కేలు తగిలించుకుని కావడులతో భక్తులు ఎక్కుతుంటే ఇంక మోకాళ్ల మాట ఎలా ఎత్తుతారు! ఎండెక్కితే మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.

పన్నెండున పగలు కెక్ లోక్ సీ బౌద్ధాలయం. 204 నంబరు బస్సు, చిల్లర సరిగ్గా ఉంచుకోండి, డ్రైవరు తిరిగి ఇవ్వడు. సాయంత్రం సముద్రపు ఒడ్డున ఎస్ప్లనేడ్. చైనీయుల పండుగ పదిహేనో రోజున అక్కడ పెళ్లి కావలసిన ఆడపిల్లలు మంచి మొగుడు రావాలని కమలాపండ్లు సముద్రంలోకి విసురుతారు. "మన అట్లతద్దే" అన్నారు అత్తగారు. కొందరు పండు మీద ఫోను నంబరు కూడా రాస్తున్నారు. ఆవిడ రెండు రింగిట్లకు ఒక పండు కొని, పెళ్లి కుదరని మా ఆడపడుచు పేరు తెలుగులో రాయించి, నా చేత విసిరించారు.

పదమూడు ఉదయం గది ఖాళీ చేస్తూ పన్నుకు రసీదు అడిగాను. కంప్యూటర్ పని చేయడం లేదన్నాడు గుమాస్తా. చేత్తో రాసివ్వమన్నాను. మావారు సామాను పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు అత్తగారు కౌంటరు ముందుకు వచ్చి, తమిళంలో, గొంతు పెంచకుండా, "గదికి పది కదా నాయనా, మాకు ఎన్ని గదులిచ్చావు?" అన్నారు. అతనికి తమిళం బాగానే వచ్చు. పెట్టె తీసి యాభై రింగిట్లు లెక్కపెట్టాడు. స్థానిక రుసుం గదికి రాత్రికి రెండు రింగిట్లు వేరే ఉందన్నాడు. నిజమే, అది న్యాయంగా కట్టవలసిందే, దానికి ఎనిమిది పోతుంది. మిగతా ఇరవై రెండు ఏవని అడిగితే మేనేజరు పదింటికి వస్తాడన్నాడు. కిటికీకి కట్టిన 160 మాట అసలు ఎత్తనివ్వలేదు. బయట యాప్‌లో పిలిచిన గ్రాబ్ కారు వచ్చి నిలబడింది, విమానాశ్రయానికి 31 రింగిట్లు. కారులో మావారే మొదట నోరు విప్పారు, "పట్టుబట్టి అడిగి ఉండాల్సింది నేనే" అన్నారు.