బాన్‌స్కా ష్టియావ్నిత్సానా, లెవోచానా?

స్లొవాకియాలో ఒక్క చిన్న ఊరు చూసేంత టైమే ఉంటే నా ఓటు బాన్‌స్కా ష్టియావ్నిత్సాకే. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు కొండల్లో ఉంటుంది, వీధులన్నీ ఎత్తుపల్లాలే. వెండి గనులే దీన్ని పెంచాయి. 1627లో ఇక్కడి గనిలో తుపాకిమందుతో రాయి పేల్చారు. 1762లో గనుల విద్యకు అకాడమీ వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో, ఈ ప్రాంతం అప్పుడున్న హంగరీ రాజ్యంలోని పెద్ద పట్టణాల్లో ఇదొకటి, జనం 20 వేలు దాటారు. వెండి తగ్గింది, ఊరూ చిక్కిపోయింది. ఇప్పుడు 10 వేలకు అటూ ఇటూ. అది తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

లెవోచా వేరు. స్పిష్ ప్రాంతంలో కోటగోడల మధ్య ఉన్న వర్తకుల ఊరు, జనం కాస్త ఎక్కువ. 19వ శతాబ్దంలో ప్రధాన రైలుమార్గం ఈ ఊరిని తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. సెయింట్ జేమ్స్ చర్చిలో శిల్పి మాస్టర్ పాల్ చెక్కిన కొయ్య బలిపీఠం ఎత్తు 18 మీటర్లకు పైనే. కొయ్యపని ఇష్టమైతే మాత్రం ముందు ఇక్కడికే వెళ్లండి.