పూర్ వ్యాలీలో శనివారం సాయంత్రం

ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టింది మేము కాదు, కార్టర్ ఫోల్డ్ వాళ్ళు. వర్జీనియా కొండల్లో హిల్టన్స్ అనే పల్లె దగ్గర ఉన్న ఆ పాటల పాకలో కచేరీ వారానికి ఒక్కసారే, శనివారం రాత్రి ఏడున్నరకు. మిగిలినవన్నీ దాని చుట్టూ సర్దుకోవలసి వచ్చింది. శుక్రవారం మేముండే షార్లెట్ నుంచి బ్రిస్టల్, శనివారం సాయంత్రం హిల్టన్స్, ఆదివారం పొద్దున్నే నాష్‌విల్. కారులో మేమిద్దరం, వెనక సీట్లో తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైన మా అమ్మ.

అమెరికా పల్లె పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతం గురించి నాకు తెలిసింది ఆఫీసుకు వెళ్ళే దారిలో రేడియో నేర్పినంతే. అమ్మకు అదీ లేదు. అందుకని దారిలో, ఆ సంగీతానికి మొదటి కుటుంబం అనిపించుకున్న కార్టర్ల కథ చెప్పుకుంటూ వచ్చాను. ముగ్గురు మనుషులు. ఏ.పి. కార్టర్, ఆయన భార్య సేరా, మేబెల్. మేబెల్ సేరాకు వరసకు చెల్లెలు, ఏ.పి. తమ్ముడు ఎజ్రాను చేసుకుంది.

"అక్కాచెల్లెళ్ళే తోడికోడళ్ళయ్యారన్న మాట. మన పక్క సంబంధంలాగే ఉంది," అంది అమ్మ. ఆ తరువాత వాళ్ళను ఆమె పరాయివాళ్ళుగా చూడలేదు.

సేరా గొంతే ఆ బృందానికి ప్రాణం. ఆటోహార్ప్ అనే తీగల వాద్యం మీటుతూ ముందు పాడేది. మేబెల్ గిటారు. బొటనవేలితో లావు తీగల మీద పాట వరస పలికిస్తూ, మిగిలిన వేళ్ళతో సన్న తీగల మీద తాళం నడిపించేది. ఆ పద్ధతికి ఆ తరువాత కార్టర్ పేరే పడింది. ఏ.పి. మాత్రం బుద్ధి పుట్టినప్పుడు గొంతు కలిపేవాడు, లేకపోతే ఊరుకునేవాడు. ఇది విని అమ్మ చాలాసేపు నవ్వింది. బుర్రకథలో వంత పాడేవాడు ఇలా మధ్యలో ఊరుకుంటే కథకుడు తంబుర పక్కన పెట్టి తిడతాడట.

మూడు గంటల పైచిలుకు ప్రయాణం తరువాత బ్రిస్టల్ వచ్చింది. ఈ ఊరి ప్రధాన వీధి స్టేట్ స్ట్రీట్ నడి మధ్యన రెండు రాష్ట్రాల సరిహద్దు. గీత పొడవునా రోడ్డులో ఇత్తడి బిళ్ళలు బిగించారు. ఈ పేవ్‌మెంటు టెనెసీ, ఆ పేవ్‌మెంటు వర్జీనియా. సాగర్ డ్యామ్ మీద నిలబడి అటు తెలంగాణ, ఇటు ఆంధ్ర అని చూపించే అవస్థ ఇక్కడ లేదు, ఒక అడుగు చాలు. వీధికి అడ్డంగా 1910 నాటి దీపాల బోర్డు ఉంది. దాన్ని చీకటి పడ్డాకే చూడాలి.

1927 జులై 25న విక్టర్ అనే గ్రామఫోను ప్లేట్ల కంపెనీ తరఫున పాటలు రికార్డు చేసే రాల్ఫ్ పీర్ తన సామాను తెచ్చి దింపింది ఈ వీధిలోనే, టెనెసీ వైపున ఉన్న ఒక టోపీల కంపెనీ భవనంలో. ఆగస్టు 5 దాకా 19 బృందాలు వచ్చి 76 పాటలు ఇచ్చి వెళ్ళాయి. ఆ భవనం ఇప్పుడు లేదు, చోటును గుర్తుచేసే రాతి స్మారకం ఉంది. ఫోటో తీసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అసలు సమయం కేటాయించాల్సింది వర్జీనియా వైపున్న 'బర్త్‌ప్లేస్ ఆఫ్ కంట్రీ మ్యూజిక్' మ్యూజియానికి.

ఈ మ్యూజియం 2014 ఆగస్టు 1న తెరిచారు. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. 1927లో సరిగ్గా అదే రోజున కార్టర్లు పీర్ ముందు నిలబడ్డారు. మేబెల్‌కు 18 ఏళ్ళు, ఎనిమిదో నెల. సేరా చంకలో పాలు తాగే పిల్లవాడు. వాడిని ఆడించడానికి ఎనిమిదేళ్ళ కూతురు. ఏ.పి. తమ్ముడు ఎజ్రా కారు అడిగి తెచ్చుకుని, మట్టి రోడ్ల మీద టైరు పంక్చర్లు వేసుకుంటూ వచ్చారు. ఆ సాయంత్రం నాలుగు పాటలు, మర్నాడు రెండు. పాటకు 50 డాలర్లు. మైకు ఇంకా కొత్త. అంతకుముందు పెద్ద గొట్టం ముందు నిలబడి అరిచినట్టు పాడాల్సి వచ్చేది. మైకు వచ్చాక సేరాలాంటి నిబ్బరమైన గొంతు కూడా ప్లేటు మీదికి ఎక్కింది. ఈ ఒక్క సంగతిని మ్యూజియం వాళ్ళు వినిపించి మరీ చూపిస్తారు. పలకలు చదవడం కన్నా చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చోవడమే ఇక్కడ పని. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు ఇది వరం.

అమ్మ ఆగిపోయింది మాత్రం విక్టర్ ముద్ర దగ్గర. గ్రామఫోను గొట్టంలోకి చెవి పెట్టి కూర్చున్న కుక్క. "ఇది మా నాన్న పెట్టెలోని కుక్క కదే!" మా తాతగారి హెచ్.ఎం.వి. ప్లేట్ల మీద ఉన్నదీ, సేరా పాడిన ప్లేట్ల మీద ఉన్నదీ ఒకటే కుక్క. తెనాలిలో ఆ కుక్క వినిపించిన పాటలు వేరు, అంతే.

మ్యూజియానికి నేను ఎక్కువ మార్కులు వేసేది లెస్లీ రిడిల్ విషయంలో. ఏ.పి. కొండ ఊళ్ళన్నీ తిరిగి పాటలు పోగు చేసేవాడు. మాటలు కాగితం మీద రాసుకోగలడు, వరస మాత్రం గుర్తుండేది కాదు. అందుకు కింగ్స్‌పోర్ట్‌లో ఉండే రిడిల్ అనే నల్లజాతి గిటారు విద్వాంసుణ్ణి వెంట తీసుకెళ్ళేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. విన్న వరస విన్నట్టు గుర్తుపెట్టుకుని ఇంటికి తెచ్చి సేరాకు, మేబెల్‌కు వినిపించేవాడు. ప్లేట్ల మీద పేరు ఏ.పి. కార్టర్‌ది. 'కీప్ ఆన్ ద సన్నీ సైడ్' లాంటివి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అచ్చయిన పాటలు కూడా. మన నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు ఊరూరా తిరిగి సేకరించినవి జానపదుల పాటలుగానే మిగిలాయి. ఇక్కడ సేకరించినవాడికే హక్కులు దక్కాయి. అలాగని ఏ.పి.ని దొంగ అనలేను. ఆయన తిరగకపోతే అందులో సగం పాటలు ఆ ముసలమ్మలతోనే పోయేవి. కానీ రిడిల్ పేరు ఇంకాస్త ముందుగా, ఇంకాస్త పెద్ద అక్షరాలతో వినిపించి ఉండాల్సింది.

మ్యూజియానికి మూడు గంటలు పెట్టుకోండి. సోమవారం సెలవు.

బస విషయం. ఊరి నడిబొడ్డున, పాత కట్టడాన్ని బాగుచేసి హోటలుగా మార్చిన చోట దిగాము. గది విశాలం, పరుపు మంచిది, మ్యూజియానికి నడిచి వెళ్ళవచ్చు. ఇబ్బందులు రెండు. ఊరి మధ్య నుంచి గూడ్సు రైలు పోతుంది. అర్ధరాత్రి దాని కూత గదిలోకే వచ్చినట్టుంది. తెనాలి జంక్షన్ మనిషి గనుక అమ్మ హాయిగా నిద్రపోయింది, మేమిద్దరం లేచి కూర్చున్నాము. రెండోది పొద్దున ఫలహారం. మాంసం తగలని పదార్థం అడిగితే వేయించిన బంగాళాదుంపలు తెచ్చారు, వాటిలోనూ పంది మాంసం ముక్కలు. చెప్పాక మార్చి ఇచ్చారు గానీ, అప్పటికే అమ్మ సంచిలోంచి చపాతీలు, గోంగూర పచ్చడి బయటికి వచ్చాయి. ఈ ప్రాంతంలో చిక్కుడు గింజల పులుసు కూడా తరచు మాంసం వేసే వండుతారు. శాకాహారులు అడగకుండా ఏదీ తినకండి. ఇంకొక మాట: బ్రిస్టల్‌లో పెద్ద కారు పందేల మైదానం ఉంది. పందేలున్న వారాంతాల్లో గదుల అద్దెలు చెట్టెక్కుతాయి. తేదీలు చూసుకోకుండా బుక్ చేయవద్దు.

శనివారం మధ్యాహ్నం బయలుదేరాము. బ్రిస్టల్ నుంచి హిల్టన్స్ అరగంట పైన. పెద్ద రోడ్డు దిగి ఏ.పి. కార్టర్ పేరు పెట్టిన సన్న రోడ్డు పట్టగానే ఫోను సిగ్నలు పోయింది; పటం ముందే దింపుకోండి. ఒక పక్క క్లించ్ పర్వతం గోడలా నిలబడి ఉంటుంది. ఈ లోయ పేరు పూర్ వ్యాలీ, పేదల లోయ. కొండకు అవతలిది రిచ్ వ్యాలీ. పేరు పెట్టినవాళ్ళకు మొహమాటం లేదు.

దారిలో మౌంట్ వెర్నన్ చర్చి. అక్కడి శ్మశానంలో ఏ.పి., సేరాల సమాధులు ఉన్నాయి. "శనివారం పూట శ్మశానానికా?" అని అమ్మ కారు దిగలేదు. మేమిద్దరం వెళ్ళాము. రెండింటి రాళ్ళ మీదా బంగారు రంగు ప్లేటు బొమ్మ, దాని మీద ఒకే పాట పేరు. రాళ్ళు జంటవే గానీ సమాధులు పక్కపక్కన లేవు. దాని వెనక ఒక కథ ఉంది. పాటల వేటలో నెలల తరబడి ఇల్లు పట్టని మొగుడు, పొలమూ పిల్లలూ సేరా నెత్తిన. ఆమె మనసు ఏ.పి. బంధువు కోయ్ బేస్ వైపు మళ్ళింది. వాళ్ళవాళ్ళు కోయ్‌ని కాలిఫోర్నియా తీసుకెళ్ళిపోయారు. 1936లో సేరా, ఏ.పి. విడాకులు తీసుకున్నారు. విచిత్రం ఏమిటంటే పాట మాత్రం ఆగలేదు. ఆ తరువాత కూడా ముగ్గురూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. అమెరికా నిబంధనలు అందకుండా మెక్సికో గడ్డ మీద నుంచి మోగే ఒక భారీ రేడియో కేంద్రంలో 1938 నుంచి పాడారు. దేశమంతా వినపడేది. ఒక రాత్రి సేరా ఆ మైకులోనే ఒక విరహ గీతాన్ని కాలిఫోర్నియాలో ఉన్న కోయ్‌కి అంకితం చేస్తున్నానని చెప్పిందట. అతను వినీ వినగానే బయలుదేరి వచ్చాడు. 1939 ఫిబ్రవరిలో పెళ్ళయింది. అదే బృందంలో ఏ.పి. మరి నాలుగేళ్ళు పాడాడు. 1943లో బృందం విడిపోయింది. ఆఖరి మకాం మా షార్లెట్‌లోని రేడియో కేంద్రమే.

కారెక్కాక ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె సేరానూ తిట్టలేదు, ఏ.పి.నీ తిట్టలేదు. "ఆ చెల్లెలు ఎంత నలిగిపోయిందో, ఇద్దరి మధ్యనా," అంది.

లోయకు తిరిగి వచ్చిన ఏ.పి. పెట్టుకున్న కిరాణా కొట్టు ఇప్పుడు చిన్న మ్యూజియం. కచేరీకి ముందు సాయంత్రం ఆరు నుంచి తెరుస్తారు. పక్కనే ఆయన పుట్టిన దుంగల ఇల్లు. వేరే చోటి నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. కొట్టులో బట్టలు, ఉత్తరాలు, ఫోటోలు ఇంట్లో బీరువా తెరిచినట్టు ఉన్నాయి. బ్రిస్టల్ మ్యూజియంలోలా వరసా వివరణా ఉండవు, కాబట్టి అది ముందు చూసి ఇది తరువాత చూడడం మంచిది. ఏ.పి. 1960లో చనిపోయాడు, తన పాటల పేరు దేశం మళ్ళీ ఎత్తుకోవడం చూడకుండానే. పోయేముందు కూతురు జానెట్ దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె 1974లో ఈ కొట్టులోనే శనివారం కచేరీలు మొదలుపెట్టింది. జనం పట్టక 1976లో పక్కన కొండవాలున ఈ పాక కట్టారు. అదే ఫోల్డ్.

పాక అన్నానని చిన్నదనుకోకండి, ఎనిమిది వందల మంది పడతారు. కట్టినప్పుడు పాత బస్సుల సీట్లే వేశారట. మేము కూర్చున్నవీ రెండు గంటల తరువాత నడుముకు తెలిశాయి. దిండు తెచ్చుకున్నవాళ్ళను చూసి అసూయ పడ్డాను. మద్యం లేదు. కరెంటు వాద్యాలు లేవు. ఫిడేలు, బాంజో, గిటారు, నిలువెత్తు బేసు, అంతే. ఈ నియమానికి మినహాయింపు దొరికింది ఇంటి అల్లుడు, పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌కు. మేబెల్ కూతురు జూన్ భర్త. 2003 మేలో జూన్ పోయింది; ఆ జులై 5న ఆయన చివరిసారి జనం ముందు పాడింది ఈ వేదిక మీదే. సెప్టెంబరులో ఆయనా పోయాడు.

టికెట్టు నాష్‌విల్‌లో ఒక పూట పార్కింగు కన్నా చవక. తినడానికి పాప్‌కార్న్, కేకులు. భోజనం అక్కడ అనుకోవద్దు. నగదు ఉంచుకోండి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, విరామంలో మాత్రం క్యూ తప్పదు.

వేదిక ముందు నేల ఖాళీగా వదిలారు. రెండో పాటకే జనం లేచి అక్కడికి చేరారు. చెప్పుల అడుగున ఇనుప రేకులు కొట్టించుకుని, నడుము పైభాగం కదలకుండా కాళ్ళతోనే తాళం వేస్తారు. ఎనభై దాటిన పెద్దాయన, ఆరేళ్ళ మనవరాలు ఒకే వరసలో. మొదట అమ్మ వేళ్ళతో ఒళ్ళో తాళం వేసింది. తరువాత పాదంతో. మూడో పాటకు పక్క సీటు ఆవిడ చెయ్యి పట్టి లేపింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని మా అమ్మ ఆ నేల మీద నాలుగు అడుగులు వేయడం నేను నా కళ్ళతో చూశాను. మా ఆయన వీడియో తీస్తుంటే, "తెనాలికి పంపకండి అల్లుడు గారూ," అని అక్కడి నుంచే కేకేసింది.

ఆ తరువాత, కంట్రీ సంగీతానికి రాజధాని అనే నాష్‌విల్ కాస్త చప్పగా అనిపించిందంటే తప్పు ఆ ఊరిది కాదు. నాలుగున్నర గంటల దారి. గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. బస ఖరీదు. మేము దిగిన హోటలు బుక్ చేసినప్పుడు చెప్పిన ధర మీద 'సౌకర్యాల రుసుము' అని ఇంకొకటి కలిపింది, కారు పెట్టినందుకు వేరే. బ్రాడ్‌వే వీధిలో ప్రతి గుమ్మం నుంచీ ఒక పాట, ఏదీ చెవికి పట్టదు. రైమన్ ఆడిటోరియం మాత్రం వదలవద్దు. 1892లో ప్రార్థనాలయంగా కట్టిన ఆ హాలు చెక్క బల్లల మీద కూర్చుంటే చాలు. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో పాటల కార్యక్రమం జరిగింది అక్కడే. 1950లో మేబెల్ ముగ్గురు కూతుళ్ళు హెలెన్, జూన్, అనితాలతో ఆ కార్యక్రమంలో చేరింది. బృందం రెండో జన్మ అది. మధ్యలో చేతులు ఖాళీ అయిన రోజుల్లో ఆమె రాత్రిపూట రోగులకు సేవ చేసే ఉద్యోగం కూడా చేసిందని చదివి అమ్మ నోట మాట రాలేదు.

అదే ఊళ్ళోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం పెద్దది, రద్దీ ఎక్కువ. మాకు సగమే ఓపిక మిగిలింది. వెతికి చూసింది మేబెల్ గిటారు. 1928 నాటి గిబ్సన్, ఎల్-5. ఆ రోజుల్లో 275 డాలర్లు పెట్టి కొన్నారు. అద్దం వెనక, మెత్తని దీపం కింద ఉంది. అమ్మ అద్దానికి ముఖం ఆనించి చూసింది. "బొటనవేలు పడే చోట అరిగింది చూడు," అంది. నాకు కనిపించలేదు, ఆమెకు కనిపించిందంటే కాదనలేను.

మళ్ళీ వెళితే వరస మారుస్తాను. గురువారం నాష్‌విల్, శుక్రవారం బ్రిస్టల్, శనివారం రాత్రి హిల్టన్స్ నుంచి ఆ పాట చెవిలో ఉండగానే ఇంటికి. చలికోటు, దిండు, పచ్చడి సీసా తప్పనిసరి. చెప్పుల కింద కొట్టే ఆ ఇనుప రేకులు ఏ కొట్టులో దొరుకుతాయో కనుక్కోమని అమ్మ ఇప్పటికి మూడుసార్లు అడిగింది.